గ్లాసులో పెరిగే రాయి

రాయి పెరుగుతుందంటే మీరు నవ్వుతారు. కానీ కాస్త ఓపిక ఉంటే మన హాస్టల్ కిటికీలోనే ఒక రాయిని పెంచొచ్చు. దాని పేరు స్ఫటికం. మనం రోజూ తినే ఉప్పు, పంచదార కూడా స్ఫటికాలే. పెంచడానికి తేలికైనది మాత్రం పటిక. నేను పెంచి చూశాను, ఆ విధానం చెబుతాను.

కావలసినవి: పటిక 50 గ్రాములు (సంతలో, కిరాణా కొట్లో దొరుకుతుంది), వేడినీళ్లు ఒక గ్లాసు (200 మి.లీ.), ఒక స్టీలు గిన్నె, ఖాళీ గాజు సీసాలు రెండు, జానెడు గాలం దారం, ఒక పుల్ల, పలుచని గుడ్డ.

చేసే విధానం:

1. పటికను పొడి కొట్టి గిన్నెలోని వేడినీళ్లలో వేసి, పూర్తిగా కరిగేదాకా కలపాలి. గోరువెచ్చగా అయ్యాక గుడ్డతో వడకట్టి సీసాలో పోయాలి. మూతికి గుడ్డ కట్టి, కదపకుండా ఉంచాలి.

2. మర్నాటికి అడుగున మెరిసే పలుకులు కనిపిస్తాయి. వాటిలో అంచులు చక్కగా ఉన్న ఒకదాన్ని ఏరుకోవాలి. అదే మన విత్తనం.

3. పైన తేరిన నీళ్లను రెండో సీసాలోకి వంచాలి. విత్తనాన్ని గాలం దారంతో కట్టి, పుల్లకు వేలాడదీయాలి. అది అడుగుకి, పక్కలకి తగలకూడదు. నీళ్లు బాగా చల్లారాకే దింపాలి. వేడిగా ఉంటే విత్తనమే కరిగిపోతుంది.

4. ఎండ తగలని చోట పది రోజులు వదిలేయాలి. అడుగున కొత్త పలుకులు పడితే నీళ్లు మళ్లీ వడకట్టాలి. నూలు దారం వద్దు, దాని పొడుగునా పలుకులు అంటుకుంటాయి.

ఎందుకిలా జరుగుతుంది? 100 మి.లీ. నీళ్లలో 20 డిగ్రీల దగ్గర సుమారు 14 గ్రాముల పటికే కరుగుతుంది. 50 డిగ్రీల దగ్గరైతే సుమారు 36 గ్రాములు కరుగుతుంది. నీళ్లు చల్లారితే ఎక్కువైన పటిక బయటికి రావాల్సిందే. తర్వాత నీళ్లు మెల్లగా ఆవిరవుతుంటే ఇంకొంచెం వస్తుంది. అలా వచ్చిన కణాలు విత్తనం మీద వరుసగా చేరతాయి.

నేను రెండు సీసాలతో చేశాను. ఒకదాన్ని వెంటనే చన్నీళ్ల బకెట్లో పెట్టాను. దాంట్లో ఇసకలాంటి సన్నపు పలుకులే పడ్డాయి. రెండోదానికి పాత దుప్పటి చుట్టి ఉంచాను. దాంట్లో శనగగింజంతవి వచ్చాయి. ప్రార్థనకి నిదానంగా వస్తే లైను చక్కగా కుదురుతుంది, అందరూ ఒకేసారి పరిగెత్తితే గుంపవుతుంది కదా! ఇదీ అంతే.

పటిక స్ఫటికానికి ఎనిమిది ముఖాలు, ఉప్పు స్ఫటికానికి ఆరు. ఎక్కడ పెంచినా వాటి సహజ ఆకారం అదే. కారణం లోపలి కణాల అమరిక. ఆ అమరికను ఎక్స్-కిరణాలతో కనుక్కున్నందుకు బ్రాగ్ అనే తండ్రీకొడుకులకు 1915లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి కొడుకు వయసు 25 ఏళ్లే!

ఉప్పుతో చేయాలంటే చల్లారిస్తే చాలదు. వేడినీళ్లలోనైనా చన్నీళ్లలోనైనా ఉప్పు దాదాపు ఒకేలా కరుగుతుంది. అందుకే నీళ్లు ఆవిరైపోవాలి. శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మళ్లలో ఎండ చేసే పని అదే.

జాగ్రత్తలు:

* వేడినీళ్లు వంటగదిలో పెద్దవాళ్ల చేత పోయించుకోండి.
* పటిక, కలకండ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. చిన్న తరగతుల తమ్ముళ్లు నోట్లో వేసుకోగలరు. సీసా మీద "పటిక, తినరాదు" అని రాసి అంటించండి.
* తాగే గ్లాసులు, భోజనం చేసే పళ్లేలు వాడొద్దు.
* మైలుతుత్తంతో అందమైన నీలి స్ఫటికాలు వస్తాయి గానీ అది విషం. సైన్సు సార్ లేకుండా ముట్టుకోవద్దు.

స్ఫటికీకరణం నిర్వచనం మనలో చాలామందికి కంఠతా వచ్చు. కానీ స్ఫటికం పెరుగుతుంటే చూసినవాళ్లు ఎంతమంది? మనకి ల్యాబు గది లేదు. అంతమాత్రాన సైన్సు బట్టీ పట్టడానికే అనుకుంటే మనకే నష్టం. వార్డెన్ సార్‌కి నా విన్నపం: ఒక్కో తరగతికి ఒక కిటికీ గట్టు, ఒక గ్లాసు వేడినీళ్లు ఇప్పించండి. ఎవరి స్ఫటికం పెద్దదో పది రోజుల తర్వాత ఈ గోడ పత్రిక కిందే పెట్టి చూసుకుందాం.

— 9వ తరగతి విద్యార్థి