ఏడిండ్ల పిల్లి

పిల్లి తన కూనలను ఏడిండ్లు త్రిప్పునని తెలుగువారి మాట. ఈనిన చోటనే కూనలను కడదాక పెంచు పిల్లి అరుదు. గడ్డివాము నుండి అటక మీదికి, అటక నుండి పొరుగువారి కట్టెల కొట్టములోనికి, అచ్చటి నుండి మరియొకరి దొడ్డిలోనికి, మెడ నోట కరచుకొని మోసికొనిపోవుచునే యుండును. శత్రువుల కంటబడకుండుటకై అది చేయు ఈ సంచారమును మన పెద్దలు వింతగా చూచి సామెత కట్టిరి. అయితే ఆ తల్లి మోయునది కూనలను మాత్రమే కాదు. దాని ఒంట అంటురోగమున్నచో ఆ రోగము కూడ ఏడిండ్లు తిరుగును.

మార్కాపురము, గిద్దలూరు, కంభము, యర్రగొండపాలెము ప్రాంతములలో పిల్లి తిరుగని వీధి అరుదు. కంది, వేరుసెనగ నిలువచేయు ఇండ్లును, ఒకప్పుడు ఎందరో బడిపిల్లల చేతికి పలకలనిచ్చిన మార్కాపురపు కర్మాగారముల కొట్టములును ఎలుకలకు ఆటపట్టులు. ఎలుక ఉన్నచోట పిల్లికి పని లేకపోదు. ఈ పాత పిల్లికి తోడు ఇటీవలి కాలమున పట్టణపు ఇండ్లలోనికి మరియొక పిల్లి వచ్చినది. అది గడప దాటదు. మంచముపై నిద్రించును. ఎలుకను చూచిన బెదరునేమో కూడ! పిల్లలు దానికి పేరు పెట్టి ఎత్తుకొని తిరుగుదురు. ఒకనాటి సాయంకాలము బడినుండి వచ్చుచు ఆ పిల్లలే, కాలువ ప్రక్కన ముడుచుకొని పడియున్న ఒక వీధికూనను లాగుచేతులలో పెట్టుకొని వత్తురు. దాని కండ్ల నిండ పుసి, ముక్కునుండి నీరు. చిక్కు అప్పుడు మొదలగును. కూనను బయట పడవేసినచో రాత్రి గడవదు. లోనికి తెచ్చినచో లోపలి పిల్లి గతి యేమి?

ఈ చిక్కు కొత్తది కాదు. పిల్లుల అంటురోగములను గురించి నేడు తెలిసిన దానిలో చాలభాగము ఇట్టి ఇండ్ల నుండియే బయటపడినది. స్కాట్లండులోని గ్లాస్గో నగరమున విలియం జారెట్ అను పశువైద్య శాస్త్రజ్ఞుడు, ఒకే ఇంటిలోని పెక్కు పిల్లులకు ఒకే విధమైన రక్తసంబంధమగు పుట్టకురుపు వచ్చుటను విచారించెను. ఒకే కప్పు క్రింద అన్ని పిల్లులకు పుట్టకురుపు పుట్టుట కాకతాళీయము కాదని అతని ఊహ. 1964లో ఆ పిల్లుల కణములలో వైరసు కనబడెను. అదియే ఫెలైన్ ల్యూకీమియా వైరసు. పుట్టకురుపు అంటురోగమువలె ఒక పిల్లినుండి మరియొక పిల్లికి ప్రాకగలదని తెలియుట ఆనాటి వైద్యలోకమునకు చిన్న సంగతి కాదు. 1986లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున పెటలూమా అను ఊరిలో, దిక్కులేని పిల్లులను చేరదీసి వేరువేరు ఆవరణములలో పెంచు నొక స్త్రీకి వింత అనుభవము కలిగెను. ఒక ఆవరణములోని పిల్లులు మాత్రమే ఒకదాని తరువాత ఒకటి చిక్కి శల్యమై చనిపోవుచుండెను. ప్రక్క ఆవరణములలోనివి క్షేమము. ఆమె ఆ భేదమును గమనించి ఊరకుండక పశువైద్యులకు తెలిపెను. నీల్స్ పెడర్సన్, జానెట్ యమమోటో మొదలగువారు మరియొక కొత్త వైరసును పట్టి 1987లో ప్రకటించిరి. అది మనుష్యులకు ఎయిడ్సు కలిగించు వైరసునకు దూరపు బంధువు; కాని మనుష్యులకు అంటదు. కంచె ఒక్కటే ఆ పిల్లులను కాపాడినదన్న మాట.

అయితే అన్ని వైరసులకును ఒకే కంచె చాలదు. ఈ భేదము తెలియకనే దయగలవారు కూడ దెబ్బతినుచున్నారు. కాలిఫోర్నియా వైరసు ముఖ్యముగా లోతైన కాటువలన సోకును. మగపిల్లులు రాత్రులు గోడలపై చేయు యుద్ధములు దానికి రాజమార్గము. ల్యూకీమియా వైరసు ఎంగిలివలన, ఒకదానినొకటి నాకుకొనుటవలన, ఒకే గిన్నెలో తినుటవలన ప్రాకును; గాలిలో, నేలపై ఎక్కువసేపు బ్రదుకదు. పిల్లుల జలుబునకు మూలమైన వైరసులు తుమ్ముతోడను, ముట్టిన చేతులతోడను వచ్చును. ఇవన్నియు ఒక యెత్తు, పాన్ ల్యూకోపీనియా ఒక యెత్తు.

పాన్ ల్యూకోపీనియా పార్వో జాతి వైరసు. పిల్లి రక్తములోని తెల్లకణములను, ప్రేవుల లోపలి పొరను అది నాశనము చేయును. రెండు మొదలు పది దినములలోపల జ్వరము, వాంతులు, విరేచనములు కనబడును. నీళ్ళగిన్నెపై తలవ్రేలవేసి త్రాగలేక కూర్చుండుట దాని ఆనవాలు. చికిత్స లేనిచో పసికూనలు పదింట తొమ్మిది వరకు చనిపోవచ్చును. చూలుపిల్లికి సోకినచో కడుపులోని కూనల చిన్నమెదడు ఎదుగదు. పుట్టిన కూనలు త్రాగినవానివలె తూలుచు నడచును. దృష్టి తగిలినదనియో, కాళ్ళు చచ్చినవనియో వానిని పారవేయువారు కలరు. నిజమునకు ఆ తూలుడు ఎన్నటికిని పెరుగదు. అట్టి పిల్లి ఒకరి చేరువలో సుఖముగా బ్రదుకగలదు.

ఈ వైరసు మొండితనము చెప్పుకొనదగినది. ఇంటిలోపల ఒక సంవత్సరము వరకు నిలువగలదు. రోగపు కూన చనిపోయి నెలలు గడచినను, అది పండుకొన్న గోనెపట్టాపై కొత్త కూనను పెట్టినచో కథ మరల మొదటికి వచ్చును. గడప దాటని పిల్లికేమి భయమనుకొనుట పొరపాటు. వైరసు చెప్పుల అడుగున, చీర కుచ్చెళ్ళలో, వీధికూనను నిమిరిన చేతిలో నడచి లోనికి వచ్చును. చేతులకు రాచుకొను సారాయి ద్రవములకు అది లొంగదు. బట్టలు తెలుపుచేయు బ్లీచింగు ద్రవము ఒక పాలు, నీరు 32 పాళ్ళు కలిపి, ముందుగా మలినము కడిగివేసిన నేలపై 10 నిమిషములు నిలువనిచ్చినచో చచ్చును. బండలు పరచిన నేల ఇందుకు అనువు. మట్టినేలను ఎంత కడిగినను నమ్మరాదు. నీటికి కరవైన ఈ ప్రాంతమున కడుగుట కంటె, ముందే ఒక మూల ఏర్పరచి రోగిని అచ్చటనే ఉంచుట చవుక.

ఇచ్చట రెండు ప్రమాదములు చెప్పక తప్పదు. నేల శుద్ధియనగానే మన ఇండ్లలో ఫినాయిలు సీసా బయటికి వచ్చును. అందలి ఫినాల్ పదార్థములను పిల్లి కాలేయము విరుగగొట్టుకొనలేదు. పాదములకంటిన దానిని నాకుకొని పిల్లి విషమునకు గురియగును. రెండవది జ్వరపు మాత్ర. పిల్లవానికి వేసిన పారాసిటమాల్ మాత్రలో ముక్క తుంచి కూనకు వేయుట అచ్చముగా దానిని చంపుటయే. రోగము చంపనిదానిని ప్రేమ చంపిన సందర్భములు ఇట్టివే.

మేకలు, గొర్రెలు కాచువారికి ఈ పాఠము క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. మందలో పారుడు రోగము కనబడగానే జబ్బు జీవమును వేరుచేయవలెనని వారికి తెలియును. పిల్లి విషయమునను అదియే పద్ధతి. కొత్త కూనను తలుపు గల వేరుగదిలోనో, వసారాలో తడికకట్టిన మూలనో కనీసము 14 దినములు ఉంచవలెను. దాని గిన్నె, దాని పట్టా, దాని ఇసుకతొట్టి దానివే. ఇంటిపిల్లికి ముందు పెట్టి, కొత్తదానికి తరువాత పెట్టవలెను. ఈ వరుస మారరాదు. కూనను ముట్టునపుడు ఒక పాతచొక్కా వేసికొని, అచ్చటనే విప్పి, సబ్బుతో చేతులు కడిగికొని లోనికి పోవలెను. పనులలోకెల్ల కష్టమైన పని పిల్లలను ఆపుట!

ఇంతకంటె గట్టి కంచె టీకా. పాన్ ల్యూకోపీనియాకు, జలుబు వైరసులు రెండింటికి కలిపి ఒకే సూదిగా దొరకును. ఆరు మొదలు ఎనిమిది వారముల వయసున మొదలుపెట్టి, మూడు నాలుగు వారముల కొకటి చొప్పున 16 వారములు నిండువరకు వేయింపవలెను. ఒక్కమారు వేసిన చాలదా అని అడుగువారు కలరు. తల్లిపాలతో వచ్చిన రక్షణ కూన రక్తములో ఉన్నంతకాలము టీకా పనిచేయదు. ఆ రక్షణ ఎన్నడు తీరునో ఒక్కొక్క కూనకు ఒక్కొక్క తీరు. అందువలననే మరల మరల సూది. ఇంటిపిల్లికి టీకాలు పూర్తియైన పిమ్మటనే వీధికూనను తలుపులోనికి తెచ్చుట వివేకము. ఏడిండ్లు తిరుగు తల్లిపిల్లి విషయమున ఒక ఇంటివారు మొదలిడిన టీకాలను మరియొక ఇంటివారు ముగింపవలసి వచ్చును. టీకా చీటి ఇరుగుపొరుగుల చేతులు మారుట తప్పు కాదు.

పరీక్షలో వైరసు ఉన్నదని తేలిన పిల్లిని వెంటనే చంపింపవలెనను పాత అభిప్రాయము నేడు నిలువలేదు. కాటువలన సోకు వైరసు గల పిల్లికి సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయించినచో కలహశీలము తగ్గును. శాంతముగల ఇంటిపిల్లులతో ఏండ్లకొలది బ్రదుకును. ల్యూకీమియా వైరసు గలదానిని మాత్రము వేరుగా ఉంచుటయే మేలు. ఆరుమాసములు నిండని కూన విషయమున ఇంకొక మెలిక గలదు. తల్లినుండి వచ్చిన ప్రతిరక్షకములు పరీక్షను మోసగింపగలవు. తొందరపడక మరల పరీక్షింపవలెను.

ఇవి యేవియు మనుష్యులకు అంటవు. అంటునది వేరొకటి: పిచ్చికుక్క రోగము పిల్లికిని వచ్చును. వీధిపిల్లి కరచినను, రక్కినను గాయమును సబ్బునీటితో 15 నిమిషములు కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలెను. పసుపు, సున్నము పట్టించి కూర్చుండరాదు.

జబ్బుపిల్లిని గోనెసంచిలో మూటగట్టి ఊరవతల విడిచివచ్చు అలవాటు మనవారిలో గలదు. ఆకలిదప్పులతో మాడునట్లు జంతువును విడిచివేయుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. మార్కాపురము, దోర్నాల, గిద్దలూరు వైపున ఊరవతల యనగా నల్లమల యని కూడ తలంపవలెను. మార్కాపురము అటవీవిభాగము నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల రక్షిత ప్రదేశములోనిది. అచ్చటి జంగుపిల్లి, చిరుత, పెద్దపులి మన పిల్లికి దాయాదులు. పాన్ ల్యూకోపీనియా ఆ కుటుంబమంతటికిని సోకగలదు. ఊరి జంతువుల రోగము అడవిలో ఏమి చేయునో ఎరుగుటకు దూరము పోనక్కరలేదు. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటీ సింహములలో సుమారు మూడవవంతు కుక్కల డిస్టెంపర్ రోగమున నశించెను. 2018లో గుజరాతులోని గిర్ అరణ్యమున కొద్దివారములలో 23 సింహములు మరణింపగా, కొన్నింట ఆ వైరసే బయటపడెను. 2021 మే మాసమున హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలోని 8 సింహములకు కోవిడ్ సోకినట్లు తేలెను, అవి కోలుకొనెను.

అడవి అంచు పల్లెలలో ఊరకుక్కయు, చెంచుపెంట ప్రక్క తిరుగు పిల్లియు, వేసవిలో నీరు మిగిలిన గుంటయొద్దకే పోవును. రాత్రి ఆ గుంటకే చిరుతయు దిగును.