సాలెపురుగు కాలితోనే రుచి చూస్తుంది

మన గుంపులో ఒక ఫోటో వచ్చింది. కంబళి ఆకు మీద పచ్చటి సాలెపురుగు, కాళ్ళ నిండా ముళ్ళు. "దీనికి ఏ మందు కొట్టాలి?" అని అడిగినారు. ఏ మందూ వద్దు అనేదే మా జవాబు. ఎందుకో కొంచెం వివరంగా రాస్తున్నాం.

సాలెపురుగుకి ముక్కు లేదు. మన పట్టుచిలుకకి ఉన్నట్టు మీసాలూ లేవు. చాలా రకాలకి ఎనిమిది కళ్ళున్నా చూపు అంతంత మాత్రమే. దానికి అన్నీ కాళ్ళతోనే తెలుస్తాయి. కాళ్ళ మీద, నోటి పక్కన చిన్న చేతుల మాదిరి ఉండే రెండు అవయవాల మీద సన్నటి వెంట్రుకలుంటాయి. కొన్ని వెంట్రుకలు గాలి కదిలినా పసిగడతాయి. ఇంకొన్నిటికి కొనలో చిన్న రంధ్రం, లోపల నరాలు ఉంటాయి. అవి దేన్ని తాకితే దాని రుచి తెలిసిపోతుంది. అంటే ఆకు మీద నడుస్తా నడుస్తానే రుచి చూస్తుందన్నమాట. ఇంతకు ముందు ఇక్కడ ఏ పురుగు తిరిగింది, ఇది తినేదా, తనను తినేదా అని కాలే చెప్తుంది.

మరి వాసన? ఇది చాలా కాలం తేలలేదు. 2025లో జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు, పసుపు నలుపు చారలుండే ఒక సాలెపురుగులో మగదాని కాళ్ళ మీద వేరే రకం వెంట్రుకలు చూపించినారు. వాటికి కొనలో కాదు, పక్క గోడల్లో సన్నటి రంధ్రాలుంటాయి. గాలిలో వచ్చే ఆడదాని వాసన వాటికి అందుతుంది.

వాసనతో వేటాడే వాటిలో మనకి దగ్గరి విషయం ఒకటుంది. అమెరికా ఖండాల్లో ఒక సాలెపురుగు వల కట్టదు. రాత్రిపూట ఒకే దారానికి కొనలో జిగురు ఉండ పెట్టుకుని వేలాడుతుంది. ఆడ చిలుక వదిలే వాసనలాంటిదే తన ఒంటి నుంచి వదుల్తుంది. ఆడది పిలుస్తోందని మగ చిలుక వస్తే ఉండతో కొట్టి పట్టుకుంటుంది. గుడ్ల కేంద్రంలో చూసినవాళ్ళకి ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. ఆడ చిలుక తోక కొన బయటికి తీసి కూర్చుంటే మగది రెక్కలు కొట్టుకుంటా చుట్టూ తిరగదూ, అదే వాసన పని. పురుగుల్లో ఇలాంటి వాసన పదార్థాన్ని మొట్టమొదట విడదీసింది మన పట్టుచిలుక నుంచే. 1959లో జర్మనీలో బ్యూటెనాంట్ అనే శాస్త్రవేత్త సుమారు 5 లక్షల ఆడ చిలుకల నుంచి దాన్ని తీసి బాంబికాల్ అని పేరు పెట్టినారు.

ఇక విషం. రెండు కోరల కొనల్లోంచి అది లోపలికి దిగుతుంది. నరాల్లో సోడియం, కాల్షియం వచ్చిపోయే సన్నటి తలుపులుంటాయి. విషం వాటిని తెరిచే ఉంచేస్తుంది, లేకపోతే మూసేస్తుంది. పురుగు కొట్టుకుని కొట్టుకుని చచ్చుబడుతుంది. తర్వాత సాలెపురుగు తన జీర్ణరసం దాని మీదికి వదిలి, లోపలిదంతా నీరయ్యాక పీల్చుకుంటుంది. నమలడం దానికి చేత కాదు. విషం వాడకంలో మాత్రం గట్టి పిసినారి. ఖాళీ అయితే మళ్ళీ ఊరడానికి రోజులు పట్టే సరుకు కదా! మధ్య అమెరికాలోని ఒక పెద్ద సాలెపురుగు మీద స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో చాలా ఏళ్ళు పరిశోధన చేసినారు. లొంగే పురుగుకి కొంచెం, మొండిదానికి ఎక్కువ, అట్లా చూసి వదుల్తుందని తేలింది. అసలు విషమే లేని రకాలూ ఉన్నాయి. అవి పురుగుని దారంతో చుట్టి చుట్టి కట్టేస్తాయి.

కాబట్టి తోటలో సాలెపురుగు ఉంటే ఆకుముడత పురుగు, దాని చిలుక, ఇంకా చిన్నా చితకా పురుగులు దానికి తిండి. మందు కొడితే ముందు పోయేది ఇదే, తిరిగి వచ్చేది ఆలస్యంగా. చీడ మాత్రం దానికంటే ముందే వస్తుంది.

షెడ్డు సంగతి వేరు. చాకీ పురుగు కూడా మెత్తటి పురుగే, విషానికి మన పర బేధం తెలియదు. చాకీ దించక ముందే బూజంతా దులిపి, ఆ తర్వాతే బ్లీచింగ్ కొట్టాలి. కొమ్మలతో మేత వేసేవాళ్ళు తోటలోనే ఒకసారి విదిలించి తెస్తే చాలు. ఊజీ ఈగను సాలెపురుగు చూసుకుంటుందిలే అని వల తీసేయకండి. ఆ పని దాని వల్ల కాదు.

ఇంకొక్క మాట, ఇది ముఖ్యం. ఆస్ట్రేలియాలోని ఒక సాలెపురుగు విషం నుంచి అమెరికాలో పురుగుమందు తయారు చేసినారు, పేరు స్పియర్. తేనెటీగలకి హాని లేదంటారు. అయితే అందులో ఒక రకం గొంగళి జాతి పురుగుల కోసమే, దాన్ని బి.టి. మందుతో కలిపి కొడతారు. మన పట్టుపురుగు కూడా ఆ జాతిదే. ఆ బి.టి. సూక్ష్మజీవిని 1901లో జపాన్‌లో ఇషివాటా మొదట కనిపెట్టింది చచ్చిన పట్టుపురుగుల్లోనే! అందుకే అంగడిలో "సహజమైన మందు, ఏమీ కాదు" అంటే సరిపోదు, డబ్బా మీద ఏముందో చదివించుకోవాలి. పక్క పొలంలో టమాటా, కోసు ఉంటే ఏ మందు, ఏ రోజు కొడతారో ముందే అడిగి పెట్టుకోండి. గాలి మన వైపు ఉండి ఆకు మీద తుంపర పడితే ఆ వరసల ఆకు ఆ పంటకి వేయొద్దు.