ఐఎన్ఎస్‌వీ తారిణి: కొండ మీది అమ్మవారి పేరు.. ప్రపంచాన్ని చుట్టిన పడవ.. తెరచాపల లెక్క తెలుసా?

మనకు అరకు ఎలాగో ఒడిశా వాళ్లకు దారింగ్‌బాడీ అలాగ. తూర్పు కనుమల్లోని ఆ గిరిజన కొండల్లో పుట్టిన రుషికుల్య నది గంజాం జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. దారిలో ఆ నది ఒడ్డునే ఓ కొండ మీద తారాతారిణి అమ్మవార్లు కొలువై ఉన్నారు. సముద్రంలోకి వెళ్లేవాళ్లను కాపాడే తల్లులని అక్కడివాళ్ల నమ్మకం. భారత నౌకాదళం తన తెరచాప పడవకు పెట్టుకున్నది ఆ పేరే.. ఐఎన్ఎస్‌వీ తారిణి.

2017 సెప్టెంబర్ 10న ఈ పడవలో ఆరుగురు మహిళా అధికారులు గోవా నుంచి బయల్దేరారు. వారిలో విశాఖకు చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. దాదాపు 21,600 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 40 వేల కిలోమీటర్లు చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. ఇంత దూరం నడిపించింది గాలే.

పడవ ఎలా ఉంటుంది?

గోవాలోని అక్వేరియస్ షిప్‌యార్డ్ దీన్ని కట్టింది. డిజైన్ మాత్రం నెదర్లాండ్స్‌ది. పేరు టోంగా 56. పొడవు 56 అడుగులు, వెడల్పు సుమారు 5 మీటర్లు. లోపల చెక్క, దానికి రెండు వైపులా ఫైబర్‌గ్లాస్ పొరలు. మన మత్స్యకారుల ఫైబర్ బోట్లలో వాడేదీ ఈ ఫైబర్‌గ్లాసే. తెరచాపలు కట్టే స్తంభం ఎత్తు 25 మీటర్లు, అంటే దాదాపు ఎనిమిది అంతస్తుల మేడంత.

చాప సైజు ఎలా లెక్కిస్తారు?

ఇలాంటి పడవకు స్తంభం ఒక్కటే. దాని వెనుక పెద్ద చాప, ముందు మరో చాప ఉంటాయి. రెండూ దాదాపు త్రిభుజాలే. కాబట్టి లెక్క బడిలో నేర్చుకున్నదే. ఎత్తును అడుగు పొడవుతో గుణించి సగం చేయాలి. ఉదాహరణకు పెద్ద చాప ఎత్తు 16 మీటర్లు, అడుగు 5 మీటర్లు ఉంటే విస్తీర్ణం 40 చదరపు మీటర్లు. పందేలకు, ప్రయాణాలకు రెండింటికీ పనికొచ్చే రేసర్-క్రూజర్ పడవలను పోల్చేటప్పుడు కూడా ఈ కొలతలే ముందు చూస్తారు.

మరి చాప ఎంత పెద్దదైతే అంత మంచిదా?

కాదు. గాలి వేగం రెట్టింపైతే చాప మీద పడే బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. 15 నాట్ల గాలి 60 నాట్లకు పెరిగితే ఆ బలం 16 రెట్లు! చాప అలాగే ఉంచితే పడవ ఒరిగిపోతుంది, లేదా చాప చిరుగుతుంది, స్తంభమే విరగొచ్చు.

అందుకే గాలి పెరిగేకొద్దీ పెద్ద చాపను మెట్టు మెట్టుగా కిందికి దించి, మిగిలిన గుడ్డను అడుగున కట్టేస్తారు. దీన్నే రీఫింగ్ అంటారు. పైన చెప్పిన చాప ఎత్తును సగానికి దించితే, అడుగు కూడా సగమవుతుంది. విస్తీర్ణం 40 నుంచి 10 చదరపు మీటర్లకు, అంటే నాలుగో వంతుకు పడిపోతుంది. రెట్టింపైన గాలికి ఇది సరిగ్గా సరిపోతుంది. ఇంకా ముదిరితే మందపాటి గుడ్డతో కుట్టిన చిన్న తుఫాను చాప ఒక్కటే ఎత్తుతారు.

పసిఫిక్‌లో తారిణికి ఈ పరీక్షే ఎదురైంది. 60 నాట్లు దాటిన గాలి, అంటే గంటకు 110 కిలోమీటర్లకు పైనే. ఏడు మీటర్ల అలలు. వాటిని తట్టుకుని 2018 జనవరిలో దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ దాటేశారు. తర్వాత స్టీరింగ్‌లో లోపం రావడంతో మారిషస్‌లో ఆగి బాగుచేయించుకోవాల్సి వచ్చింది.

ఇదే పడవ 2024 అక్టోబర్ 2న మళ్లీ గోవా నుంచి బయల్దేరింది. ఈసారి ఇద్దరే.. దిల్నా, రూపా. ఒకరు నిద్రపోతుంటే గాలిని కనిపెట్టడం, చాప ఎప్పుడు దించాలో తేల్చుకోవడం రెండో వారి పనే. ఎనిమిది నెలల ప్రయాణం ముగించి 2025 మే 29న ఇద్దరూ క్షేమంగా తిరిగొచ్చారు.