నొప్పి లేని గడ్డే మోసం

అరకులోయ: మన్యంలో పాము కరిస్తే వెంటనే డోలీ కడతారు. రొమ్ములో గోలీకాయంత గడ్డ తగిలితే మాత్రం చాలామంది ఆడవారు నోరు విప్పరు. సిగ్గు ఒకటి, కూలి పోతుందన్న బెంగ మరొకటి. పైగా నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు. చిక్కంతా అక్కడే ఉంది. రొమ్ము క్యాన్సర్ తొలి దశలో సాధారణంగా నొప్పి పెట్టదు. పెరిగి పుండు పడ్డాక కొండ దిగితే వైద్యులు చేయగలిగింది తక్కువ.

లోపలి గడ్డను చూసే పరీక్ష పేరు మామోగ్రామ్. రొమ్మును రెండు పలకల మధ్య నొక్కి ఎక్స్‌రే తీస్తారు. ఆ బరువైన యంత్రాన్ని డోలీ దారుల్లో పైకి మోయడం అయ్యే పని కాదు.

దీనికి బదులు మైక్రోవేవ్ తరంగాలతో గడ్డను పట్టాలని శాస్త్రజ్ఞులు కొన్నేళ్లుగా ప్రయత్నిస్తున్నారు. సముద్రంలో ఓడల జాడ చెప్పే రాడార్‌లో వాడేవీ, సెల్‌ఫోన్ మాటను మోసుకొచ్చేవీ ఈ జాతి తరంగాలే. పచ్చికట్టెకూ ఎండుకట్టెకూ తేడా నీటిలోనే కదా! రొమ్ములోని కొవ్వులో నీరు తక్కువ. తరంగాలు దాని గుండా సులువుగా సాగిపోతాయి. క్యాన్సర్ గడ్డలో నీరు ఎక్కువ కాబట్టి అక్కడ తగిలి చెదురుతాయి. చుట్టూ అమర్చిన చిన్న ఏంటెన్నాలు వాటిని అందుకుంటే కంప్యూటర్ బొమ్మ గీస్తుంది. ఎక్స్‌రే లేదు, గట్టిగా నొక్కడమూ లేదు. వాడే శక్తి బహు స్వల్పం గనుక ఒళ్లు కాలుతుందన్న భయం అక్కర్లేదు.

ఇంగ్లండులోని బ్రిస్టల్‌లోనూ, ఐర్లండులోని గాల్వేలోనూ ఇలాంటి యంత్రాలతో రోగులను పరీక్షించారు. అయితే ఇప్పుడే సంబరపడరాదు. 2007లో అమెరికా, కెనడా పరిశోధకులు ప్రకటించిన కొలతల్లో అసలు ఇబ్బంది బయటపడింది. కొవ్వుకూ గడ్డకూ తేడా పది రెట్ల వరకు ఉండగా, పాలగ్రంథుల కండకూ గడ్డకూ తేడా 10 శాతం మించలేదు. వయసులో ఉన్న స్త్రీలకు ఆ కండే ఎక్కువ. పచ్చికట్టెల మోపులో ఇంకో పచ్చికట్టెను వెతకడమన్నమాట. మామోగ్రామ్‌ను పక్కనబెట్టి దీన్నే నమ్ముకోవచ్చని ఇంకా తేలలేదు.

యంత్రం కొండెక్కేలోగా మనిషి చేయి ఉంది. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో ఒక పరిశోధన మొదలుపెట్టింది. 35 నుంచి 64 ఏళ్ల మహిళలు 1,51,538 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చొప్పున నాలుగుసార్లు చేత్తో తడిమి చూశారు. చూసింది డాక్టర్లు కాదు, మామూలు ఆడవాళ్లే. 2021లో ఫలితాలు వెలువడ్డాయి. 50 ఏళ్లు, ఆపై వయసువారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకు చిన్నవారిలో మరణాలు అలా తగ్గలేదన్నదీ చెప్పుకోవాలి.

30 ఏళ్లు నిండిన మహిళలకు ఐదేళ్లకోసారి ఈ చేతి పరీక్ష చేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. బీపీ, షుగర్ చూసే నర్సమ్మనే ఇదీ చూడమని అడగవచ్చు.

గడ్డలన్నీ క్యాన్సర్ కావు. ఎక్కువ భాగం మామూలువే. ఏది ఏదో తేల్చేది సూదితో తీసిన ముక్క పరీక్షే తప్ప పసరు కట్టు కాదు. చర్మం సొట్టపడినా, చనుమొన కొత్తగా లోపలికి లాగినా, రక్తం కారినా, చంకలో గడ్డ తగిలినా ఆలస్యం చేయరాదు. విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రి ఉంది. అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అర్హత గల పేద కుటుంబాలకు ఎన్టీఆర్ వైద్యసేవ కింద క్యాన్సర్ చికిత్స ఉచితం. వెళ్లేటప్పుడు రేషన్ కార్డు, ఆధార్ కార్డు వెంట ఉంచుకోవాలి.