వృద్ధ చోదకులకు తోడ్పడు కార్లు

వయసు మీరినవారు కారు నడుపవచ్చునా? జపాను దేశీయులు చాల కాలముగా ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచున్నారు. అచ్చటి పల్లెలనుండి యువకులు పట్టణములకు తరలిపోగా, రైలు, బస్సు సౌకర్యములు తగ్గిపోయినవి. డెబ్బది యేండ్లు దాటిన రైతు ఆసుపత్రికి గాని, అంగడికి గాని పోవలెనన్న కారే దిక్కు. లైసెన్సు తీసివేసిన నాడు అతడు ఇల్లు కదలలేడు.

అయినను ప్రమాదము లేకపోలేదు. 2019 ఏప్రిల్ 19వ తేదీన టోక్యోలోని ఇకెబుకురోలో 87 ఏండ్ల వృద్ధుడు నడుపుచున్న కారు ఒక తల్లిని, ఆమె మూడేండ్ల కుమార్తెను బలిగొన్నది. బ్రేకు అనుకొని ఆయన యాక్సిలరేటరును త్రొక్కెనని 2021లో న్యాయస్థానము నిర్ణయించినది.

ఇట్టి పొరపాటు ఎట్లు జరుగును? రెండు పెడళ్లును ఒకే పాదముతో త్రొక్కవలసినవే. కారు ముందుకు ఉరికినంతనే మనిషి బెదరి, తాను త్రొక్కునది బ్రేకే యను భ్రమతో మరింత గట్టిగా త్రొక్కును. యువకులును ఈ తప్పు చేయుదురు. అయితే వారు వెంటనే పాదము తీయగలరు.

దీనికి ఇంజనీర్లు ఒక ఉపాయము కనిపెట్టిరి. కారునకు అమర్చిన సెన్సార్లు ఎదుటి గోడ ఎంత దూరమున నున్నదో గ్రహించును. అప్పుడు యాక్సిలరేటరును ఒక్కుమ్మడిగా త్రొక్కినచో యంత్రము ఇంజను శక్తిని అణచివైచి హెచ్చరిక మ్రోగించును. 2028 సెప్టెంబరు నుండి జపానులో క్రొత్త ఆటోమేటిక్ కార్లకు ఇట్టి పరికరము తప్పనిసరి చేయవలెనని నిర్ణయమైనది. ఇట్టి రక్షణలు గల కార్లను మాత్రమే నడుపుటకు అనుమతించు లైసెన్సు 2022 మే నుండియే యున్నది. ఒక్క మాట: ఈ పరికరము ఆగియున్న, లేక మెల్లగా కదలు కారును ఉద్దేశించినది. ఇకెబుకురోలో వలె అతివేగముగా దూసుకుపోవు కారును ఆపునని నమ్మరాదు.

పరికరము ఉండిన చాలదు, అది వృద్ధులకు తెలియవలెను. వయసుతో మొదట వినరాకుండునవి సన్నని కీచు ధ్వనులే గనుక హెచ్చరిక కొంత మంద్రముగా నుండుట మేలు. తెరపై వ్రాతలు చదువవలెనన్న చూపు దారినుండి మరలును. చేతితో తడిమి తిప్పు మీట వారికి సుకరమని మా యభిప్రాయము.

చోదకుడే లేని బండియు నొకటి గలదు. ఫుకుయి ప్రాంతమునందలి ఎయిహేయిజిలో పాత రైలుదారిపై సుమారు రెండు కిలోమీటర్లు, గంటకు 12 కిలోమీటర్ల వేగముతో అట్టి చిన్న బండ్లు 2023 మేలో ప్రయాణికులను ఎక్కించుకొనసాగినవి. అదే యేడు అక్టోబరులో ఒక బండి నిలిపియున్న సైకిలును తాకగా, కొన్ని నెలలు వాటిని ఆపి సరిచేసిరి.

మన దేశమున 55 ఏండ్లు దాటినవారికి లైసెన్సు అయిదేండ్లకే యిచ్చెదరు. పునరుద్ధరణకు దరఖాస్తుతో వైద్యుని ధ్రువపత్రము జతపరుపవలెను. కన్నుల పరీక్ష అందులోనిదే.