కథాగానం – ధ్వనిముద్రణ సాధనం

13వ శతాబ్దికి చెందిన పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో ఆనాటి జనం పాడుకొన్న పాటల పేర్లను అనేకం పేర్కొన్నాడు. తుమ్మెద పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, వెన్నెల పదాలు మొదలైన ఆ పేర్లన్నీ మనకు దక్కాయి. ఆనాటి గొంతులలో వాటిని వినే భాగ్యం మాత్రం దక్కలేదు. తాటాకు మీద మాట నిలుస్తుంది కాని స్వరం నిలవదు కదా! సోమనాథుని పేరుతో ముడివడిన పాలకుర్తి, మా కేసముద్రం రెండూ పాత వరంగల్లు జిల్లాలోనివే. ఈ సీమలో మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను ఒగ్గు కళాకారులు నేటికీ గానం చేస్తున్నారు. ఆ గానాన్ని యథాతథంగా పట్టి ఉంచే సాధనం ఈనాడు విద్యార్థి చదువుకొనే బల్ల మీద ఇమిడిపోతుంది. దానిని ఎంచుకొనే విధానమే ఈ పాఠంలోని విషయం.

చాలా ఏండ్ల క్రితం నేనొక ఒగ్గుకథను టేపురికార్డరులో పట్టుకొన్నాను. కథకుని ఎదుట ఒకే మైకు ఉంచాను. కథ తెల్లవారేదాకా సాగింది. ఇంటికి వచ్చి వ్రాసుకొనడానికి కూర్చుంటే, డోలు ఉద్ధృతమైన ప్రతిచోటా మాట మునిగిపోయింది. వంతపాటవారు అందించిన చరణాలలో సగం వినపడనే లేదు. డోలును తగ్గించి గొంతును పెంచుదామంటే వీలు కాలేదు. పాలలో కలిసిన నీటిని వేరు చేయడానికి హంస కావాలి! కలిసిన ధ్వనులను విడదీసే సాఫ్ట్‌వేర్లు ఇటీవల వచ్చిన మాట నిజమే. అవి సినిమాపాటలో గాయకుని గొంతును బాగానే వేరు చేస్తాయి. ఒకేసారి గొంతెత్తిన ముగ్గురి మాటలను వేరు చేయవలసి వచ్చినప్పుడు తడబడతాయి. ఆ కథకుడు ఇప్పుడు జీవించి లేడు. మళ్లీ చెప్పించుకొనే మార్గమూ లేదు.

కాబట్టి ధ్వనులను తర్వాత విడదీయడం కంటె మొదటే కలవనీయకపోవడం మేలు. ఈ ఆలోచన కొత్తది కాదు. 1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ పాడిన పాటలను ముద్రించినప్పుడు పాట, వాద్యం అన్నీ ఒకే గరాటులోనికి పోయాయి. 1957లో లెస్ పాల్ అనే అమెరికా సంగీతకారుడు ఆంపెక్స్ సంస్థ చేసిన ఎనిమిది ట్రాకుల టేపు యంత్రాన్ని సంపాదించాడు. ఒక్కొక్క ధ్వనికి ఒక్కొక్క దారి ఏర్పడింది. ఆనాడు నిలువెత్తు యంత్రం చేసిన పనిని నేడు ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె, కంప్యూటరు కలిసి చేస్తున్నాయి.

ఆడియో ఇంటర్‌ఫేస్ అంటే మైకుకు, కంప్యూటరుకు నడుమ నిలిచిన దుబాసి. మైకు నుండి వచ్చే విద్యుత్తు వోల్టులో కొన్ని వేయవ వంతులు మాత్రమే. దానిని పెంచేది ప్రీయాంప్లిఫయర్. అట్లా పెరిగిన సంకేతాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా మార్చేది కన్వర్టర్. ఈ రెండూ ప్రతి మైకుకు విడివిడిగా ఉండాలి.

ఇక అసలు ప్రశ్న: ఎన్ని మైకులు? దీనికి సమాధానం దుకాణంలో దొరకదు, మేళం ముందు కూర్చొని లెక్కించుకోవాలి. ప్రధాన కథకునికి ఒకటి, ఇద్దరు వంతలకు రెండు, డోలు రెండు ముఖాలకు రెండు, తాళాలకు ఒకటి. ఇవి ఆరు. శ్రోతల కేరింతలు లేక కథ కథ కాదు. వారికి, ఆవరణకు కలిపి మరి రెండు. మొత్తం ఎనిమిది. ఇంట్లో ఒక్కరే హార్మోనియంతో పాడుకొనేవారికి రెండు చాలు. నాలుగింటికే సొమ్ము చాలినప్పుడు కథకునికి, వంతలకు మూడు ఇచ్చి, మిగిలినది డోలుకు, తాళాలకు ఉమ్మడిగా పెట్టాలి. వాద్యం దూరం నుండి కూడా వినిపిస్తుంది, మాట వినిపించదు.

పెట్టె మీద ముద్రించిన అంకెను చూచి మోసపోరాదు. ఫోకస్‌రైట్ వారి స్కార్లెట్ 18ఐ20 అనే సాధనంలో 18 ప్రవేశమార్గాలు ఉన్నమాట నిజమే కాని, మైకులు తగిలించదగినవి ఎనిమిదే. తక్కిన పది ఇతర సాధనాల నుండి అంకెల రూపంలో వచ్చే ధ్వనికి ఉద్దేశించినవి. మైకు ప్రీయాంప్లిఫయర్లు ఎన్ని అని సూటిగా అడగడం ఉత్తమం.

నాలుగు మైకుల పెట్టెలు రెండు కొంటే ఎనిమిది కావా అని కొందరు అడుగుతారు. ప్రతి పెట్టెలోను ఒక గడియారం ఉంటుంది. కొలతలు దాని లయకు నడుస్తాయి. రెండు గడియారాల నడుమ లక్షలో ఒక వంతు తేడా ఉన్నా, గంట గడిచేసరికి 36 మిల్లీసెకన్లు ఎడబాటు వస్తుంది. అప్పుడు డోలు ఒకచోట, తాళం ఒకచోట పడుతుంది! రెండింటినీ ఒకే గడియారానికి కట్టే సదుపాయం ఉన్న పెట్టెలైతేనే ఈ ఉపాయం పనికివస్తుంది.

కండెన్సర్ మైకులకు 48 వోల్టులు కావాలి. ఆ ఏర్పాటు ఇంటర్‌ఫేస్‌లో ఉందో లేదో చూడాలి. డోలుకు డైనమిక్ మైకు చాలు, దానికి ఆ విద్యుత్తు అక్కరలేదు. సెకనుకు 1,92,000 కొలతలనే ప్రకటనకు అదనంగా సొమ్ము పోయవలసిన పని లేదు. కొలత 24 బిట్లలో ఉండడం ముఖ్యం. అప్పుడు ధ్వనిస్థాయిని కొంత తగ్గించి ఉంచుకోవచ్చు. కథకుడు ఒక్కసారిగా గర్జించినా ముద్రణ చెడదు. ఎనిమిది మార్గాలలో గంట కథకు సుమారు 3.8 గిగాబైట్లు అవసరం. ఈ ప్రవాహానికి యూఎస్‌బీ 2.0 తీగ ధారాళంగా సరిపోతుంది.

మా ఊరి మీదుగా కాజీపేట–విజయవాడ రైలుమార్గం పోతుంది. రైలు కూతను ఏ ఇంటర్‌ఫేసూ ఆపలేదు; కథకుని గొంతుకు మైకు జానెడు దూరంలో ఉంటే ఆ కూత వెనుకకు తగ్గుతుంది. కరెంటు తీగల గుంయిమనే రొద వినిపిస్తే ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపి చూడాలి. కథ మొదలు కాకముందు పది నిమిషాలు పాడించి, ఎనిమిది మార్గాలనూ ఒక్కొక్కటిగా వినాలి. ముద్రణ ముగిసిన రాత్రే ఫైళ్లను రెండు వేర్వేరు డిస్కులలోనికి ఎక్కించి, ఒక ప్రతిని కథకుని ఇంటికి చేర్చాలి.