సెన్సార్‌పై తువ్వాలు.. ఏసీకి తికమక!

రెంటచింతల ఎండల్లో ఆటోమేటిక్ ఏసీ కారు ఎక్కగానే పలువురు ఉష్ణోగ్రతను 18 డిగ్రీలకు తగ్గిస్తుంటారు. అంతమాత్రాన కారు త్వరగా చల్లబడదు. 24 పెట్టినా తొలుత ఫ్యాన్ జోరుగానే తిరుగుతుంది. లోపలి, బయటి ఉష్ణోగ్రతలను, ఎండ తీవ్రతను సెన్సార్లు కంప్యూటర్‌కు చేరవేస్తాయి. ఫ్యాన్ వేగమెంతో, చల్లగాలిలో వేడిగాలి ఎంత కలపాలో అదే నిర్ణయిస్తుంది. వేసవిలో వేడిగాలి ఎందుకన్న సందేహం సహజమే! చలి మితిమీరకుండా ఇంజిన్ వేడినే కాస్త వాడుకుంటుంది.

ఎండను పసిగట్టే సెన్సార్ చాలా కార్లలో ముందు అద్దం కింద, డ్యాష్‌బోర్డుపై చిన్న నల్లబొత్తంలా ఉంటుంది. సరిగ్గా అక్కడే దేవుడి ప్రతిమో, తువ్వాలో పెడుతుంటారు. నీడ పడటంతో ఎండ లేదని భ్రమించి కంప్యూటర్ చల్లదనాన్ని తగ్గిస్తుంది. గ్యాస్ అయిపోయిందంటూ మెకానిక్ వద్దకు పరుగెత్తే ముందు ఆ బొత్తంపై ఏముందో చూసుకోవాలి.